అంకె నుంచి ధ్వనికి: కాంపాక్ట్ డిస్క్ ప్లేయర్లలో డిజిటల్–అనలాగ్ పరివర్తన చరిత్ర

వ్యాససంగ్రహం

కాంపాక్ట్ డిస్క్ మీద నిక్షిప్తమైన అంకెల వరుసను తిరిగి ధ్వనితరంగంగా మార్చే భాగాన్ని డిజిటల్–అనలాగ్ పరివర్తకం అంటారు. 1982లో గృహోపకరణంగా ప్రవేశించినప్పటి నుంచి ఈ పరివర్తకం నిర్మాణంలో ఎన్నో మార్పులు వచ్చాయి. సోనీ, ఫిలిప్స్ సంస్థల తొలి ప్లేయర్లు ఒకే డిస్కును రెండు భిన్న పద్ధతులలో చదివిన తీరును, 14 బిట్ల పరివర్తకంతో 16 బిట్ల ప్రమాణాన్ని అందుకున్న వైనాన్ని, 1980ల చివర ఒక్క బిట్ పరివర్తకాలు వచ్చిన కారణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరివర్తకానికి కావలసిన ఖచ్చితత్వం పదార్థం నుంచి కాలానికి, కాలం నుంచి గణనకు బదిలీ కావడమే ఈ చరిత్రలోని ప్రధాన సూత్రమని ప్రతిపాదిస్తుంది. ఆ సూత్రం ధ్వనిభాండాగారాల పరిరక్షణకు ఏ విధంగా వర్తిస్తుందో చివర చర్చిస్తుంది.

కీలకపదాలు: కాంపాక్ట్ డిస్క్, నమూనా, బిట్, ఉద్దిష్టం, ఓవర్‌శాంప్లింగ్, నాయిస్ షేపింగ్, డిథర్, జిట్టర్.

1. ఉపోద్ఘాతం

గ్రామఫోన్ రికార్డులో గాడి ఆకారమే ధ్వని ఆకారం. ముల్లు ఆ గాడి వెంట సాగినప్పుడు పుట్టే కంపనాన్ని పెద్దది చేస్తే పాట వినబడుతుంది. అయస్కాంత టేపులోనూ ఇదే పోలిక కనిపిస్తుంది. ధ్వని హెచ్చుతగ్గులను బట్టి టేపు మీది అయస్కాంతత్వం హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. కాంపాక్ట్ డిస్క్‌తో ఈ పోలిక తెగిపోయింది. డిస్కు మీది సూక్ష్మమైన గుంటలకూ గాయకుని గొంతుకూ ఆకారంలో ఏ సంబంధమూ లేదు. అక్కడ ఉన్నవి అంకెలు మాత్రమే. ఆ అంకెలను తిరిగి విద్యుత్తరంగంగా, ఆపైన ధ్వనిగా మార్చే బాధ్యత ప్లేయర్‌లోని ఒక చిన్న భాగం మీద పడింది.

ఈ మార్పు విషయంలో ఒక అపోహ బలంగా నాటుకుపోయింది. అవిచ్ఛిన్నమైన ధ్వనిని ముక్కలుగా కోసి అంకెలుగా రాస్తే ముక్కకూ ముక్కకూ మధ్య ఉన్నదంతా పోతుందనీ, తిరిగి వచ్చే ధ్వని మెట్లు మెట్లుగా ఉంటుందనీ ఆ అపోహ సారాంశం. పాఠ్యపుస్తకాలలో కనిపించే మెట్ల బొమ్మ దీనికి ఊతమిచ్చింది. పరివర్తక చరిత్రను క్రమంగా పరిశీలిస్తే, ఇంజనీర్లు నిజంగా ఎదుర్కొన్న సమస్య ఇది కాదని తేలుతుంది. గ్రామఫోన్ రికార్డుల నుంచి, టేపుల నుంచి తెలుగు సినిమా పాటలూ శాస్త్రీయ సంగీతమూ సీడీలకు, అక్కడి నుంచి కంప్యూటర్ ఫైళ్లకు చేరుతున్న కాలంలో ఏది పోతుంది, ఏది పోదు అనే ప్రశ్నకు సరైన సమాధానం తెలియడం సంగీత, సాహిత్య పరిశోధకులకు కూడా అవసరమే.

2. సిద్ధాంత నేపథ్యం

నమూనాల నుంచి తరంగాన్ని పునర్నిర్మించే గణితం కాంపాక్ట్ డిస్క్ కంటే చాలా పాతది. 1915లో బ్రిటిష్ గణితవేత్త ఇ.టి. విటేకర్, 1928లో అమెరికాలోని హ్యారీ నైక్విస్ట్, 1933లో సోవియట్ శాస్త్రవేత్త వ్లదీమిర్ కొతెల్నికొవ్ వేర్వేరు సందర్భాలలో దీనికి సంబంధించిన ఫలితాలను ప్రకటించారు. 1949లో క్లాడ్ షానన్ ప్రచురించిన వ్యాసంతో ఆ సిద్ధాంతం సమాచార ప్రసార శాస్త్రానికి పునాది అయింది. దాని సారాంశం ఇది: ఒక తరంగంలో ఒక నిర్దిష్ట పౌనఃపున్యానికి మించిన అంశాలు లేనప్పుడు, ఆ పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో తీసుకున్న నమూనాలు ఆ తరంగాన్ని పూర్తిగా నిర్ణయిస్తాయి.

ఇక్కడ ‘పూర్తిగా’ అనే మాట ముఖ్యమైనది. ఆ నమూనా బిందువుల గుండా గీయదగిన వక్రరేఖలు ఎన్నో ఉండవచ్చు. అయితే ఆ పౌనఃపున్య పరిమితికి లోబడినది వాటిలో ఒక్కటే ఉంటుంది. ఆ ఒక్క రేఖను వెలికితీసే పని పరివర్తకం వెనుక ఉండే ఫిల్టర్‌ది. మెట్ల ఆకారంలో పుట్టిన తరంగంలో అసలు ధ్వనితోపాటు ఎగువ పౌనఃపున్యాలలో దాని ప్రతిబింబాలు కూడా ఉంటాయి. ఆ ప్రతిబింబాలను తొలగించినప్పుడు మెట్లు మాయమై నునుపైన తరంగం మిగులుతుంది. అంటే నమూనాకూ నమూనాకూ మధ్య ఉన్నది పోలేదు; చుట్టూ ఉన్న నమూనాలన్నింటిలో అది నిక్షిప్తమై ఉంది.

నిజమైన నష్టం మరొకచోట జరుగుతుంది. ప్రతి నమూనా విలువనూ పరిమితమైన అంకెలలో రాయవలసి రావడం వల్ల దానిని దగ్గరి మెట్టుకు సర్దాలి. ఈ సర్దుబాటులో మిగిలిన తేడా సన్నని రొదగా వినవస్తుంది. ఒక్కొక్క బిట్ పెరిగిన కొద్దీ ఈ రొద సుమారు 6 డెసిబెల్లు తగ్గుతుంది. కాబట్టి నమూనాల వేగం ఎంత ఎత్తైన స్వరం దాకా పట్టుకోవచ్చో నిర్ణయిస్తే, బిట్ల సంఖ్య ఎంత మెల్లని శబ్దం దాకా పట్టుకోవచ్చో నిర్ణయిస్తుంది.

ధ్వనిని అంకెలుగా పంపే పల్స్ కోడ్ మాడ్యులేషన్ పద్ధతిని బ్రిటిష్ ఇంజనీరు అలెక్ రీవ్స్ పారిస్‌లో పనిచేస్తున్న రోజులలో రూపొందించి, 1938లో ఫ్రాన్సులో పేటెంటు కోరాడు. నాటి వాక్యూమ్ ట్యూబులతో అది ఆచరణకు అందని ఖరీదైన ఆలోచన. ట్రాన్సిస్టర్లు వచ్చాక, 1962లో అమెరికా టెలిఫోను వ్యవస్థలో 24 సంభాషణలను రెండు తీగ జంటల మీద పంపేందుకు అది వ్యాపార స్థాయిలో వినియోగానికి వచ్చింది. 1960ల చివర జపాన్ ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. సంగీత ముద్రణకు ఈ పద్ధతిని ప్రయోగించింది. 1972లో నిప్పన్ కొలంబియా సంస్థ 13 బిట్ల ముద్రణ యంత్రాన్ని స్టూడియోలో వాడసాగింది. ఎన్.హెచ్.కె.లో ఈ పరిశోధన సాగించిన హీతారో నకజిమా తరువాత సోనీలో చేరడం ఈ చరిత్రలో ఒక మలుపు.

3. ప్రమాణ నిర్ణయం: 44,100, 16

1979 మార్చి 8న ఫిలిప్స్ సంస్థ నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో తన నమూనా డిస్క్ ప్లేయర్‌ను పత్రికలవారికి ప్రదర్శించింది. అదే సంవత్సరం సోనీతో కలిసి ఉమ్మడి ప్రమాణాన్ని రూపొందించేందుకు చర్చలు మొదలయ్యాయి. 1980లో ‘రెడ్ బుక్’ పేరుతో ఆ ప్రమాణం సిద్ధమైంది.

సెకనుకు 44,100 నమూనాలు అనే సంఖ్య చెవి శాస్త్రం ఒక్కదాని నుంచే పుట్టలేదు. మనిషి చెవికి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినబడుతుందన్న అంచనా ప్రకారం 40,000కు పైన ఏ సంఖ్యైనా సరిపోతుంది. అయితే 1970లలో అంత సమాచారాన్ని భద్రపరచగల అందుబాటు సాధనం వీడియో టేపు. అందువల్ల నమూనాలను వీడియో చిత్రంలోని గీతలలో ఇమిడ్చి రాశారు. అమెరికా, జపాన్ వీడియో పద్ధతిలో సెకనుకు 60 క్షేత్రాలు, క్షేత్రానికి 245 వినియోగపు గీతలు, గీతకు 3 నమూనాలు; వీటి లబ్ధం 44,100. ఐరోపా పద్ధతిలో 50 క్షేత్రాలు, 294 గీతలు, 3 నమూనాలు. లబ్ధం మళ్లీ 44,100. రెండు ఖండాల టెలివిజన్ వ్యవస్థలకూ కుదిరిన సంఖ్య కనుక అదే నిలిచింది. టేపు యంత్రాలు మూలబడినా ఆ సంఖ్య నేటికీ సంగీత ఫైళ్లలో కొనసాగుతోంది.

బిట్ల విషయంలో అంత సులువుగా ఏకాభిప్రాయం కుదరలేదు. ఫిలిప్స్ వద్ద అప్పటికే 14 బిట్ల పరివర్తకం రూపుదిద్దుకుంటోంది. సోనీ 16 బిట్లకు పట్టుబట్టింది. చివరకు 16 బిట్లే ప్రమాణమయ్యాయి. రెండు చానళ్లకు కలిపి సెకనుకు 14,11,200 బిట్ల సంగీత సమాచారం డిస్కు నుంచి రావాలన్నది దీని ఫలితం. తన చేతిలో ఉన్న 14 బిట్ల చిప్‌తో 16 బిట్ల డిస్కును ఎలా వినిపించాలన్న ప్రశ్న ఫిలిప్స్ ఇంజనీర్ల ముందు నిలిచింది. పరివర్తక చరిత్రలో ఫలవంతమైన ఆలోచనలు ఈ ఇరకాటం నుంచే పుట్టాయి.

4. పరివర్తకం పనితీరు

డిస్కు మీది గుంటలను 780 నానోమీటర్ల లేజర్ కిరణం చదువుతుంది. గీతలూ మరకలూ కలిగించే పొరపాట్లను రీడ్–సాలమన్ సంకేతాల ఆధారంగా ఒక సర్క్యూట్ సరిదిద్దుతుంది. తిరుగుడు వేగంలో వచ్చే ఒడిదుడుకులను తాత్కాలిక స్మృతి మింగివేస్తుంది. క్వార్ట్జ్ క్లాక్ లయకు అనుగుణంగా 16 బిట్ల మాటలు ఒకదాని వెంట ఒకటి పరివర్తకానికి చేరతాయి. అక్కడి నుంచి జరిగే ప్రక్రియను తెలుగు ఛందశ్శాస్త్రం చదివినవారు సులభంగా గుర్తించగలరు.

ఛందస్సులోని షట్ప్రత్యయాలలో ఉద్దిష్టం ఒకటి. గురులఘువుల వరుస ఇచ్చినప్పుడు ప్రస్తారంలో అది ఎన్నవ వృత్తమో కనుక్కోవడం దీని ప్రయోజనం. అక్షరాల మీద వరుసగా 1, 2, 4, 8 అంటూ రెట్టింపు అంకెలు వేసి, లఘువుల మీద పడిన అంకెలను మాత్రమే కూడి, ఆ మొత్తానికి 1 కలిపితే సంఖ్య వస్తుంది. పరివర్తకం చేసే పనీ ఇటువంటి కూడికే. ప్రతి బిట్‌కూ ముందుదానికి రెట్టింపు విద్యుత్ ప్రవాహాన్ని కేటాయించి, 1 ఉన్న బిట్ల ప్రవాహాలను మాత్రమే కలిపితే నమూనా విలువ విద్యుత్తుగా వెలువడుతుంది. 14 అక్షరాల శక్వరీ ఛందంలో 16,384 వృత్తాలు, 16 అక్షరాల అష్టి ఛందంలో 65,536 వృత్తాలు ఉన్నట్టే, 14 బిట్ల పరివర్తకానికి 16,384 మెట్లు, 16 బిట్ల పరివర్తకానికి 65,536 మెట్లు ఉంటాయి. ఈ రెండింటి మధ్య చారిత్రక సంబంధం ఏదీ లేదు. గణితం ఒక్కటే కావడం వల్ల ఏర్పడిన పోలిక ఇది.

తేడా అమలులో ఉంది. ఉద్దిష్టంలో 32,768 అనే అంకె ఎప్పుడూ 32,768గానే ఉంటుంది. పరివర్తకంలో ఆ అంకె ఒక విద్యుత్ ప్రవాహం; దానిని పుట్టించే భాగం ఎంత ఖచ్చితంగా తయారైతే అంకె అంత ఖచ్చితం. అన్నిటికంటే పెద్ద బిట్ ప్రవాహంలో నూటికి ఒక పాలు తేడా వచ్చినా సుమారు 328 మెట్ల దోషం ఏర్పడుతుంది. సీడీ ప్లేయర్ల సాధారణ నిర్గమం 2 వోల్టులు అనుకుంటే, ఒక మెట్టు ఎత్తు సుమారు 86 మైక్రోవోల్టులు మాత్రమే. 1980ల ఆరంభంలో వేల సంఖ్యలో చవకగా తయారయ్యే చిప్పులలో ఇంతటి ఖచ్చితత్వం సాధించడం దుష్కరం.

ఈ దోషం ప్రభావం చూపే చోటు మరింత ఇబ్బందికరమైనది. ధ్వనితరంగం సున్నాకు అటూ ఇటూ ఊగుతుంది. పరివర్తకంలో సున్నా స్థానం మెట్ల వరుసకు సరిగ్గా నడుమ ఉంటుంది. ఆ నడిమి మెట్టును దాటేటప్పుడు పెద్ద బిట్ ఒకటిగా మారి, మిగిలిన పదిహేను బిట్లూ ఒక్కసారిగా తలకిందులవుతాయి. కాబట్టి పెద్ద బిట్‌లోని దోషం పెద్ద శబ్దాలలో కంటే, సున్నాకు దగ్గరగా ఊగే మెల్లని శబ్దాలలోనే ఎక్కువగా బయటపడుతుంది. తంబుర శ్రుతి సన్నగిల్లి ఆగిపోయే క్షణం, ఆలాపన చివరి ఊపిరి వంటి చోట్ల పరివర్తకం నాణ్యత తేలిపోతుంది.

5. రెండు తొలి మార్గాలు

1982 అక్టోబర్ 1న సోనీ సి.డి.పి. 101 ప్లేయర్ జపాన్‌లో 1,68,000 యెన్‌ల ధరకు అమ్మకానికి వచ్చింది. పదహారు ప్రవాహాల నిష్పత్తిని సరిచూసే కష్టాన్ని సోనీ తప్పించుకుంది. స్థిరమైన ప్రవాహంతో ఒక కెపాసిటర్‌ను, అంకె విలువకు తగినంత కాలం పాటు నింపే పద్ధతిని ఎంచుకుంది. పెద్ద అంకెకు ఎక్కువ కాలం, చిన్న అంకెకు తక్కువ కాలం. ఇందులో కొలత ప్రవాహానికి కాక కాలానికి సంబంధించినది. అయితే నమూనాకు దక్కే సుమారు 22.7 మైక్రోసెకన్లలో 65,536 దాకా లెక్కించాలంటే క్లాక్ సెకనుకు దాదాపు 289 కోట్ల సార్లు కొట్టుకోవాలి. అది నాటికి అసాధ్యం కనుక, మాటను ఎగువ, దిగువ భాగాలుగా విడదీసి, రెండు వేర్వేరు ప్రవాహాలతో ఏకకాలంలో లెక్కించారు.

ఆ ప్లేయర్‌లో రెండు చానళ్లకూ ఒకే పరివర్తకం ఉండేది. అది ఎడమ, కుడి నమూనాలను వంతులవారీగా మార్చడం వల్ల రెండింటి మధ్య సుమారు 11 మైక్రోసెకన్ల ఎడం ఏర్పడేది. గాలిలో ధ్వని ఆ వ్యవధిలో దాదాపు 4 మిల్లీమీటర్లు ప్రయాణిస్తుంది. అంటే ఒక స్పీకర్‌ను ఆ మేరకు వెనక్కి జరిపినదానితో సమానం. పరివర్తకం తరువాత 20,000 హెర్ట్జ్‌ల వరకు అన్నిటినీ వదిలి, 22,050 దాటగానే అన్నిటినీ ఆపే నిట్టనిలువు అనలాగ్ ఫిల్టర్ అవసరమైంది. అటువంటి ఫిల్టర్‌కు అనేక అంచెలు కావాలి. అది వినదగిన పై స్వరాలను వేర్వేరు వ్యవధులతో ఆలస్యం చేస్తుంది.

1983 మార్చిలో ఐరోపా విపణిలోకి వచ్చిన ఫిలిప్స్ సి.డి. 100 వేరే దారి పట్టింది. అందులోని టి.డి.ఎ. 1540 చిప్‌కు 14 బిట్లే. దాని లోపల రూడీ వాన్ డి ప్లాష్ 1976లో ప్రకటించిన ఉపాయం ఒకటి ఉంది. రెండు సమాన ప్రవాహాలు కావలసిన చోట, వాటిని పుట్టించే భాగాలు ఖచ్చితంగా సమానంగా లేకపోయినా, వాటి స్థానాలను అతివేగంగా ఒకదానికొకటి మారుస్తూ ఉంటే సగటున రెండూ సమానమవుతాయి. ఒకసారి ఎక్కువగా, మరొకసారి తక్కువగా వచ్చే దోషాన్ని కెపాసిటర్ చదును చేస్తుంది. పదార్థంలోని లోపాన్ని కాలంలో పంచి చెల్లించే పద్ధతి ఇది.

రెండవ ఉపాయం ఓవర్‌శాంప్లింగ్. సెకనుకు 44,100 చొప్పున వచ్చే నమూనాల మధ్య డిజిటల్ ఫిల్టర్ ఒక్కొక్క చోట మూడు కొత్త విలువలను లెక్కించి చేర్చేది. ఇవి ఊహాగానాలు కావు. షానన్ సిద్ధాంతం చెప్పిన ఆ ఒక్క వక్రరేఖ మీది బిందువులే ఇవి. వేగం 1,76,400కు పెరగడంతో ప్రతిబింబాలు వినికిడి పరిధికి దూరంగా జరిగాయి. కనుక నిట్టనిలువు అనలాగ్ ఫిల్టర్ స్థానంలో మెల్లని వాలు గల చిన్న ఫిల్టర్ సరిపోయింది. ప్రతి విలువనూ తరువాతి విలువ వచ్చేదాకా నిలిపి ఉంచడం వల్ల 20,000 హెర్ట్జ్‌ల వద్ద కలిగే నష్టం కూడా సుమారు 3.2 డెసిబెల్ల నుంచి 0.2కు తగ్గింది.

మూడవది నాయిస్ షేపింగ్, అంటే రొదను మలచడం. లెక్కించిన విలువను 14 బిట్లకు కుదించేటప్పుడు కొట్టివేసిన శేషాన్ని పారవేయకుండా తరువాతి విలువ లెక్కలో కలుపుతారు. చిల్లర లేనప్పుడు దుకాణదారు బాకీని తరువాతి బేరంలో సర్దినట్లు, ఏ ఒక్క నమూనా ఖచ్చితంగా లేకపోయినా మొత్తం పద్దు తేడా లేకుండా సాగుతుంది. దీనివల్ల రొద మొత్తం మీద తగ్గదు. చెవికి అందని ఎగువ పౌనఃపున్యాలకు తరలిపోతుంది. 14 బిట్లకు సుమారు 84 డెసిబెల్లు. ఓవర్‌శాంప్లింగ్ వల్ల 6, నాయిస్ షేపింగ్ వల్ల సుమారు 7 చేరి, మొత్తం 97 డెసిబెల్లు అవుతుంది. 16 బిట్లకు రావలసింది 96. పరాజయంగా మొదలైన 14 బిట్ల చిప్ ఆ విధంగా ప్రమాణాన్ని అందుకుంది. ఫిలిప్స్ సాంకేతిక పత్రిక 1982 సంచికలో గూడ్‌హార్ట్, వాన్ డి ప్లాష్, స్టిక్‌వోర్ట్ ఈ పద్ధతిని వివరించారు. 1985లో 16 బిట్ల టి.డి.ఎ. 1541 వచ్చిన తరువాత కూడా ఫిలిప్స్ ఓవర్‌శాంప్లింగ్‌ను వదలలేదు. కొద్ది సంవత్సరాలలో ఇతర సంస్థలూ అదే దారికి వచ్చాయి.

6. ఒక్క బిట్ దాకా

రెండు బిట్ల కొరతను వేగంతోనూ లెక్కతోనూ పూరించగలిగినప్పుడు, పదిహేను బిట్ల కొరతను ఎందుకు పూరించకూడదు? ఈ ప్రశ్నకు మూలాలు అప్పటికే ఉన్నాయి. 1962లో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన ఇనోసె, యసుద, మురకామి డెల్టా–సిగ్మా పద్ధతిని ప్రకటించారు. అంతకుముందే బెల్ ప్రయోగశాలలో సి.సి. కట్లర్ దోషాన్ని వెనక్కి తిప్పి కలిపే ఆలోచనకు పేటెంటు కోరాడు. 1980ల చివర జపాన్‌లో ఎన్.టి.టి. పరిశోధకులు రూపొందించిన మ్యాష్ పద్ధతిని మత్సుషితా ప్లేయర్లు వాడుకున్నాయి. ఫిలిప్స్ ‘బిట్‌స్ట్రీమ్’ పేరుతో ఒక్క బిట్ పరివర్తకాలను తెచ్చింది.

బిట్‌స్ట్రీమ్ చిప్పులలో వేగం 256 రెట్లు, అంటే సెకనుకు 1,12,89,600 నిర్ణయాలు. ప్రతి నిర్ణయంలోనూ ఉన్నవి రెండే విలువలు: పూర్తి ధనం లేదా పూర్తి రుణం. ధ్వని విలువ ఆ రెండింటి సాంద్రతలో ఉంటుంది. శేషాన్ని ఒక్క అంచెలో మలిస్తే లెక్క ప్రకారం సుమారు 75 డెసిబెల్లు మాత్రమే వస్తాయి. రెండు అంచెలలో మలిస్తే 100 దాటుతుంది. రెండు బిందువుల గుండా ఎప్పుడూ సరళరేఖే పోతుంది కాబట్టి, మెట్ల ఎత్తులు అసమానంగా ఉండే సమస్యే ఇక్కడ తలెత్తదు. నడిమి మెట్టు దోషం సమూలంగా తొలగిపోయింది. ఖరీదైన సర్దుబాటు అక్కరలేని చిప్పులు తయారు కావడంతో ప్లేయర్ల ధరలు దిగివచ్చేందుకూ ఇది తోడ్పడింది.

అయితే ఒక్క బిట్ పద్ధతికి తనదైన బలహీనత ఉంది. రొదను సంగీతంతో ముడిపడకుండా విడదీయడానికి నమూనాలకు ఉద్దేశపూర్వకంగా అతిసన్నని యాదృచ్ఛిక రొదను కలుపుతారు. దీనికి డిథర్ అని పేరు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన స్టాన్లీ లిప్‌షిట్జ్, జాన్ వాండర్‌కూయ్ 1984లో ప్రచురించిన పరిశోధన దీని విలువను స్పష్టం చేసింది. తగిన డిథర్ కలిపినప్పుడు ఒక మెట్టు ఎత్తు కంటే చిన్నదైన స్వరం కూడా రొద అడుగున చెక్కుచెదరకుండా నిలుస్తుంది. డిథర్ లేనప్పుడు అదే స్వరం వికృతమవుతుంది లేదా పూర్తిగా అదృశ్యమవుతుంది. రెండే విలువలున్న పరివర్తకంలో సరైన డిథర్‌కు చోటు ఉండదు. 1999లో సోనీ, ఫిలిప్స్ సెకనుకు 28,22,400 నమూనాల ఒక్క బిట్ పద్ధతితో సూపర్ ఆడియో సీడీని విడుదల చేశాక, అది ఉన్నత నాణ్యతకు తగినది కాదని ఈ ఇద్దరు పరిశోధకులే 2001లో వాదించారు. ఆ తరువాతి చిప్పులలో ఎక్కువ భాగం మధ్యేమార్గాన్ని ఎంచుకున్నాయి. కొద్ది బిట్లు, అధిక వేగం, ప్రవాహాల స్థానమార్పిడి కలిసిన రూపం అది. 1976 నాటి వాన్ డి ప్లాష్ ఆలోచనకు వారసమైన పద్ధతులు ఆ విధంగా మళ్లీ రంగప్రవేశం చేశాయి.

7. కాలం ఖరీదు

ప్రవాహాల ఖచ్చితత్వాన్ని కాలానికి అప్పగించాక, కాలం స్వయంగా ఖచ్చితంగా ఉండాలి. నమూనా విలువ సరైనదే అయినా అది వెలువడే క్షణం అటూ ఇటూ జరిగితే తరంగం ఆకారం మారుతుంది. ఈ క్షణభేదాన్ని జిట్టర్ అంటారు. పూర్తి స్థాయిలో ఉన్న 20,000 హెర్ట్జ్‌ల తరంగంలో ఈ భేదం అర మెట్టుకు మించిన దోషం కలిగించకూడదంటే, క్లాక్ సుమారు 121 పికోసెకన్లకు మించి తడబడకూడదు. కాంతి ఆ వ్యవధిలో మూడున్నర సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ దూరం మాత్రమే వెళుతుంది. నిజమైన సంగీతంలో 20,000 హెర్ట్జ్‌ల అంశాలు అంత బలంగా ఉండవు. కనుక ఆచరణలో కొంత వెసులుబాటు లభిస్తుంది. క్లాక్‌ను పరివర్తకం పక్కనే ఉంచి, డిస్కు తిరుగుడును ఆ క్లాక్‌కు లోబరచడం మంచి ప్లేయర్ల నిర్మాణసూత్రం అయింది. ప్లేయర్‌ను, పరివర్తకాన్ని వేర్వేరు పెట్టెలుగా విడదీసి ఒకే తీగ మీద సంగీతాన్నీ లయనూ పంపే పద్ధతిలో ఈ సూత్రానికి భంగం కలిగింది. అందుకు మళ్లీ కొత్త పరిష్కారాలు వెతకవలసి వచ్చింది.

8. వినికిడి సాక్ష్యం

ఇన్ని మెరుగుదలల తరువాత 44,100 నమూనాలు, 16 బిట్లు చెవికి సరిపోతాయా అన్న వివాదం మిగిలింది. 2007లో ఇ. బ్రాడ్ మేయర్, డేవిడ్ మొరాన్ ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. సూపర్ ఆడియో సీడీ వంటి ఉన్నత ప్రమాణపు ధ్వనిని నేరుగానూ, మధ్యలో సీడీ ప్రమాణపు పరివర్తనకు గురిచేసీ వినిపించి గుర్తించమన్నారు. 554 ప్రయత్నాలలో సరైన సమాధానాలు 276, అంటే 49.8 శాతం. నాణెం ఎగరవేసినా దాదాపు అంతే వస్తుంది. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ 18 ప్రయోగాలలోని 12,000కు పైగా ప్రయత్నాలను క్రోడీకరించి, శ్రోతలు 52.3 శాతం సందర్భాలలో తేడా గుర్తించగలిగారని తేల్చాడు. గణాంకపరంగా ఇది విస్మరించరాని ఫలితం. పరిమాణం రీత్యా మాత్రం అతిస్వల్పం. రెండు ఫలితాలనూ కలిపి చూస్తే, సీడీ ప్రమాణంలో తేడా ఉన్నా అది చెవి అంచున ఉన్నదే తప్ప సంగీతం సగం పోయిందన్న అపోహకు ఆధారం కాదని చెప్పవచ్చు.

9. ఉపసంహారం

పరివర్తక చరిత్రలో ఖచ్చితత్వం మూడు దశలుగా చోటు మారింది. మొదట అది పదార్థంలో, అంటే ప్రవాహాల నిష్పత్తిలో ఉండాలని భావించారు. తరువాత స్థానమార్పిడి ద్వారా, లెక్కింపు ద్వారా కాలానికి బదిలీ చేశారు. చివరకు ఓవర్‌శాంప్లింగ్, నాయిస్ షేపింగ్‌లతో గణనకు అప్పగించారు. తయారీలో సాధించలేని దానిని లెక్కలో సాధించడం ఈ మార్గం. దీనికి దారి చూపినది మెరుగైన చిప్ కాదు. చాలని చిప్‌తో పని నెరవేర్చవలసిన అగత్యం.

ఈ చరిత్ర నుంచి పరిరక్షణ రంగానికి ఒక ముఖ్యమైన అంశం అందుతుంది. 1982లో ముద్రించిన డిస్కులోని అంకెలు నేటికీ అవే. నాటి ప్లేయర్ వినిపించిన దానికంటే నేటి పరివర్తకం వాటిని నమ్మకంగా వినిపిస్తుంది. అంటే అంకె నుంచి ధ్వనికి జరిగే ప్రయాణంలోని లోపాలు తాత్కాలికం. ధ్వని నుంచి అంకెకు జరిగే ప్రయాణం అటువంటిది కాదు. 1972లో 13 బిట్లలో ముద్రించిన సంగీతం ఏ యంత్రం మీద వినిపించినా 13 బిట్ల సంగీతమే. అక్కడ జరిగిన సర్దుబాటు, అక్కడ కలపని డిథర్, అక్కడ తడబడిన క్లాక్ శాశ్వతంగా అంకెలలో నిలిచిపోతాయి.

కాబట్టి పాత రికార్డులను, టేపులను డిజిటల్ రూపంలోకి మార్చే సంస్థలు శ్రద్ధ వహించవలసింది వినిపించే యంత్రం విషయంలో కంటే నమోదు చేసే యంత్రం విషయంలోనే. నమోదు పూర్తయిందన్న ధైర్యంతో మూలప్రతులను పారవేయడం ఈ దృష్ట్యా ప్రమాదకరం. తెలుగులో హరికథలు, నాటక పద్యాలు, జానపద గేయాల ధ్వనిముద్రణలు ఎన్నో ఇంకా మూలప్రతులలోనే ఉన్నాయి. తాళపత్ర ప్రతికి శుద్ధప్రతి రాసిన తరువాత కూడా తాళపత్రాన్ని భద్రపరచడం పరిష్కర్తల సంప్రదాయం. ధ్వనిప్రతుల విషయంలోనూ ఆ సంప్రదాయమే పాటింపదగినది.